సువాసన షేవింగ్ సబ్బుతో మంచి నురగ రావాలంటే: సబ్బు, బ్రష్, నీళ్ళు, వాసన గురించి తెలుసుకోవాల్సినవి

షేవింగ్ సబ్బు డబ్బా మూత తీయగానే చందనమో, గులాబీయో, నిమ్మో, బాదమో గుప్పుమంటుంది. ఇంత మంచి వాసన ఉంది కాబట్టి నురగ కూడా అలాగే ఉంటుందని చాలామంది అనుకుంటారు. తీరా బ్రష్ తిప్పితే పెద్ద పెద్ద బుడగలు వస్తాయి. రెండు నిమిషాల్లో అవి ముఖం మీదే ఆరిపోతాయి. బ్లేడు గీరుకుంటుంది, మెడ మీద ఎర్రగా పొక్కులు లేస్తాయి. దాంతో సబ్బు బాగాలేదని పక్కన పడేసి మళ్ళీ ట్యూబ్ క్రీముకే వెళ్ళిపోతారు.

చాలాసార్లు ఆ సబ్బులో లోపమేమీ ఉండదు. వాసనకూ నురగకూ సంబంధం తక్కువ. బ్రష్ మీదికి ఎంత సబ్బు ఎక్కింది, అందులో ఎంత నీరు కలిసింది, ఆ నీరు ఎలాంటిది అన్న మూడింటి మీదే నురగ ఆధారపడుతుంది. ఈ మూడూ కుదిరితే మామూలు ధర సబ్బు కూడా చక్కగా పనిచేస్తుంది. కుదరకపోతే లండన్ నుంచి తెప్పించిన సబ్బు కూడా మొండికేస్తుంది.

ముస్లిం కుటుంబాల్లో దీనికి తోడు ఇంకో రెండు ప్రశ్నలు వస్తాయి. సబ్బులో ఉన్నది ఏ కొవ్వు? బ్రష్‌లో ఉన్నది ఏ వెంట్రుక? వీటి వివరాలు కూడా కింద ఉన్నాయి.

నురగ చేసే పని ఏమిటి?

ఎండి ఉన్న గడ్డం వెంట్రుక గట్టిగా ఉంటుంది. నీరు పీల్చుకుంటే ఉబ్బి మెత్తబడుతుంది, బ్లేడుకు తేలిగ్గా తెగుతుంది. ఇందుకు రెండు మూడు నిమిషాల తడి కావాలి. ఉత్త నీళ్ళు ముఖం మీద నిలవవు, జారిపోతాయి. ఆ తడిని వెంట్రుకల దగ్గర పట్టి ఉంచడం నురగ మొదటి పని.

బ్లేడుకూ చర్మానికీ మధ్య జారుడు పొరలా ఉండటం రెండో పని. బ్లేడు చర్మాన్ని గీరకుండా కాపాడేది ఈ పొరే. పొర పల్చబడినా, ఆరిపోయినా మంట మొదలవుతుంది.

అందుకే నురగ ఎంత ఎత్తుగా లేచిందన్నది ముఖ్యం కాదు. పెద్ద బుడగల్లో గాలే ఎక్కువ, నీరూ సబ్బూ తక్కువ. మంచి నురగలో బుడగలు కంటికి కనిపించనంత చిన్నవిగా ఉంటాయి. చూడటానికి మీగడలా, కొద్దిగా మెరుస్తూ ఉంటుంది. పులిసిన ఇడ్లీ పిండి మీద తేలే బుడగల్లాంటివి కనిపిస్తే ఆ నురగ ఇంకా తయారు కాలేదని లెక్క.

స్నానం సబ్బు ఎందుకు సరిపోదు?

కొవ్వు లేదా నూనెను క్షారంతో కలిపితే సబ్బు తయారవుతుంది. స్నానం సబ్బుల్లో ఎక్కువగా వాడేది సోడియం క్షారం. దీనివల్ల సబ్బు గట్టిగా, బిళ్ళలా ఉంటుంది. షేవింగ్ సబ్బులో దీనితోపాటు పొటాషియం క్షారం కూడా వాడతారు. పొటాషియం సబ్బు మెత్తగా ఉంటుంది, నీళ్ళలో త్వరగా కరుగుతుంది, బ్రష్‌కు తేలిగ్గా ఎక్కుతుంది.

రెండో తేడా స్టియరిక్ ఆమ్లం. షేవింగ్ సబ్బులో ఇది ఎక్కువ పాళ్ళలో ఉంటుంది. నురగను చిక్కగా, ఎక్కువసేపు నిలిచేలా చేసేది ఇదే. కొబ్బరి నూనె నుంచి వచ్చే లారిక్ ఆమ్లం దీనికి భిన్నం. బుడగలు త్వరగా, ఎక్కువగా తెస్తుంది గానీ అవి నిలవవు. పాలు ఎక్కువైతే చర్మాన్ని పొడిబారుస్తుంది. గ్లిజరిన్ పని తడిని పట్టి ఉంచడం.

బెంగళూరులో 1916లో మొదలైన ప్రభుత్వ సబ్బుల ఫ్యాక్టరీ నుంచి వచ్చిన చందనం సబ్బు వాసనకు పేరు పడింది. అయితే అది స్నానానికి చేసిన సబ్బు. దాన్ని గడ్డానికి రుద్దితే వాసన బాగానే ఉంటుంది, నురగ మాత్రం సగం షేవింగ్ కాకముందే కుంగిపోతుంది. స్నానం సబ్బులన్నింటిదీ దాదాపు ఇదే సంగతి.

పేరున్న సువాసన సబ్బులు

పాతకాలపు పద్ధతి సబ్బులు మూడు రూపాల్లో దొరుకుతాయి. మొదటిది గిన్నెలో పెట్టే గట్టి బిళ్ళ. రెండోది వేలితో నొక్కితే లొంగే మెత్తటి ముద్ద. మూడోది నేరుగా గడ్డానికి రుద్దే కడ్డీ, అంటే స్టిక్.

ఇటలీలోని మిలాన్‌లో 1899 నుంచి ఉన్న చెల్లా సబ్బు బాదం వాసనకు పేరు. ఇది మెత్తటి రకం. ఫ్లోరెన్స్‌కు చెందిన ప్రొరాసో 1948లో వచ్చింది. దాని ఆకుపచ్చ డబ్బాలో యూకలిప్టస్, పుదీనా చల్లదనం ఉంటాయి, ఎర్ర డబ్బాలో చందనం. జర్మనీలో 1959లో వచ్చిన టబాక్ గట్టి రకం, వాసన ఘాటు. ఇంగ్లండ్‌లో 1854 నాటి టేలర్ ఆఫ్ ఓల్డ్ బాండ్ స్ట్రీట్ చందనం, గులాబీ, లావెండర్ రకాలు అమ్ముతుంది. ఇంగ్లండ్‌దే అయిన మిచెల్స్ వూల్ ఫ్యాట్‌లో గొర్రె ఉన్ని నుంచి తీసిన లానోలిన్ ఉంటుంది. చర్మానికి మెత్తగా ఉంటుందని దానికి పేరు, కొత్తవాళ్ళకు నురగ త్వరగా రాదని కూడా అంతే పేరు.

టర్కీ ఆర్కో స్టిక్ చవకైనది, నిమ్మ వాసన గట్టిగా ఉంటుంది. స్టిక్‌కు గిన్నె అక్కర్లేదు. తడిపిన గడ్డం మీద వెంట్రుకలకు ఎదురుగా రుద్ది, ఆ తర్వాత తడి బ్రష్‌తో ముఖం మీదే నురగ తేవచ్చు.

సబ్బులో ఏ కొవ్వు ఉంది?

డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఉండే పదార్థాల జాబితా చూస్తే ఇది చాలావరకు తెలుస్తుంది. ముఖ్యంగా చూడాల్సిన పేర్లు ఇవి.

• సోడియం పామేట్, పొటాషియం పామేట్: పామాయిల్ నుంచి చేసినవి.
• సోడియం కోకోయేట్, పొటాషియం కోకోయేట్: కొబ్బరి నూనె నుంచి చేసినవి.
• సోడియం టాలోవేట్, పొటాషియం టాలోవేట్: జంతువుల కొవ్వు నుంచి చేసినవి. టాలో అంటే సాధారణంగా పశువుల లేదా గొర్రెల కొవ్వు.
• సోడియం లార్డేట్, పొటాషియం లార్డేట్: పంది కొవ్వు నుంచి చేసినవి.
• స్టియరిక్ ఆమ్లం, గ్లిజరిన్: నూనెల నుంచీ రావచ్చు, జంతువుల కొవ్వు నుంచీ రావచ్చు. పేరు చూసి చెప్పడం కుదరదు. డబ్బా మీద ఆకుపచ్చ చుక్కో, వీగన్ అన్న మాటో, హలాల్ ముద్రో ఉంటే అప్పుడు స్పష్టత వస్తుంది.

పాత యూరప్ సబ్బులు చాలావరకు టాలోతో చేసేవారు. ఇటీవలి సంవత్సరాల్లో కొన్ని కంపెనీలు నూనెలకు మారాయి. కాబట్టి ఒకే పేరుతో పాత స్టాకు ఒక రకంగా, కొత్త స్టాకు ఇంకో రకంగా ఉండొచ్చు. ఎవరో చెప్పిన మాట మీద కాకుండా చేతిలో ఉన్న డబ్బా చదివే కొనాలి.

కొవ్వు సబ్బుగా మారాక దాని స్వభావమే మారిపోతుందన్న అభిప్రాయం హనఫీ ఫిఖ్‌లో ఉంది. ఈ మార్పునే ఇస్తిహాలా అంటారు. షాఫయీ ఫిఖ్ ఈ వెసులుబాటును అంత దూరం తీసుకుపోదు. సందేహం ఉన్నవారు తాము నమ్మే ఆలిమ్‌ను అడగడమే మంచిది. సందేహమే వద్దనుకుంటే నూనెలతో చేసిన షేవింగ్ సబ్బులు మార్కెట్లో బోలెడు ఉన్నాయి. నురగ విషయంలో అవి ఏమాత్రం తక్కువ కాదు.

బ్రష్‌లో ఏ వెంట్రుక ఉంది?

సబ్బు లేబుల్ చూసేవారు కూడా బ్రష్ గురించి పెద్దగా పట్టించుకోరు. నిజానికి ఎక్కువ జాగ్రత్త కావాల్సింది ఇక్కడే. చవక ధర నుంచి ఖరీదైన ఇటలీ బ్రష్‌ల దాకా చాలావాటిలో ఉండేది పంది వెంట్రుకే. డబ్బా మీద పంది అన్న మాట కనిపించదు. బోర్, బ్రిసిల్, ప్యూర్ బ్రిసిల్ అని ఉంటుంది. బ్యాడ్జర్ అనే అడవి జంతువు వెంట్రుకలా కనిపించేలా మధ్యలో నల్ల చార రంగు వేసినవి కూడా ఉంటాయి. పంది వెంట్రుక వాడకూడదని ఎక్కువమంది ఉలమా చెబుతారు.

ఇంట్లో ఉన్న పాత బ్రష్ ఏ రకమో తెలియకపోతే ఒక్క వెంట్రుక పీకి, పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్లతో కాల్చి చూడొచ్చు. సింథటిక్ అయితే కరిగి చివర చిన్న పూసలా గట్టిపడుతుంది. జంతువు వెంట్రుక అయితే జుట్టు కాలిన వాసన వస్తుంది, బూడిద నలిపితే పొడి అవుతుంది. ఏ జంతువుదన్నది మాత్రం ఈ పరీక్షతో తేలదు.

సింథటిక్ బ్రష్ అంటే నాసిరకం అన్న మాట ఇప్పుడు చెల్లదు. కొత్త తరం సింథటిక్ వెంట్రుకలు మెత్తగా ఉంటాయి, ముందుగా నానబెట్టే పని లేదు, త్వరగా ఆరిపోతాయి. నీటిని మాత్రం తక్కువగా పట్టి ఉంచుతాయి. అందుకే నురగ చేసేటప్పుడు మధ్యమధ్యలో నీరు అందిస్తూ ఉండాలి.

బోరు నీళ్ళతో వచ్చే చిక్కు

సబ్బు మార్చినా, బ్రష్ మార్చినా నురగ రాకపోతే నీళ్ళ వైపు చూడాలి. బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉంటే అవి సబ్బుతో కలిసి కరగని తెల్లటి మడ్డిగా మారతాయి. బకెట్ అంచున, కుళాయి చుట్టూ కనిపించే తెల్లటి పెచ్చు కూడా ఈ లవణాల పనే. నురగ కావాల్సిన సబ్బులో కొంత ఇలా మడ్డిగా పోతుంది.

తాగునీటి భారతీయ ప్రమాణం ప్రకారం లీటరుకు 200 మిల్లీగ్రాముల కాఠిన్యం దాకా సరే. వేరే నీటి వనరు లేని చోట 600 దాకా అనుమతిస్తారు. తెలుగు రాష్ట్రాల్లో చాలాచోట్ల బోరు నీళ్ళు 200 దాటుతాయి. ఒకే ఇంట్లో నల్లా నీళ్ళతో వచ్చిన నురగ బోరు నీళ్ళతో రాకపోవడానికి కారణం ఇదే.

చిన్న పరీక్ష ఉంది. మూత ఉన్న రెండు చిన్న సీసాలు తీసుకోవాలి. ఒకదాంట్లో ఇంటి నీళ్ళు, రెండోదాంట్లో ఆర్‌ఓ నీళ్ళు సగం దాకా పోయాలి. రెండింట్లోనూ ఒకే పరిమాణంలో సబ్బు తురుము వేసి, కాసేపు గట్టిగా ఊపాలి. షాంపూ, బట్టల పౌడర్ వేస్తే తేడా తెలియదు, సబ్బే వేయాలి. ఇంటి నీళ్ళ సీసాలో నురగ తక్కువగా ఉండి కింద నీరు పాలలా మారితే కాఠిన్యం ఎక్కువని అర్థం.

పరిష్కారం కష్టమేమీ కాదు. ఒక షేవింగ్‌కు గ్లాసుడు నీళ్ళు చాలు. ఆ గ్లాసు వరకు ఆర్‌ఓ నీళ్ళో, పట్టి ఉంచుకున్న వాన నీళ్ళో వాడి, తర్వాత ముఖం మామూలు నీళ్ళతో కడుక్కోవచ్చు. నీళ్ళు మరిగించి చల్లార్చి, పైన తేరిన నీటిని వాడితే కొంతవరకు మేలు. అన్ని రకాల కాఠిన్యం మరిగిస్తే పోదు. కొందరు నురగ కోసం నిమ్మరసం పిండుతుంటారు. అలా చేయకూడదు. పులుపు సబ్బును విరిచేస్తుంది, తెగిన చర్మానికి మంట పుట్టిస్తుంది.

నురగ చేసే పద్ధతి

1. గట్టి సబ్బు అయితే దాని మీద రెండు చెంచాల గోరువెచ్చని నీళ్ళు పోసి రెండు మూడు నిమిషాలు వదిలేయాలి. పై పొర మెత్తబడుతుంది. మెత్తటి రకానికి, స్టిక్‌కు ఇది అక్కర్లేదు.

2. ఆలోపు ముఖం గోరువెచ్చని నీళ్ళతో కడగాలి. వుజూలో ఒకసారి కడిగిన తడి సరిపోదు, వెంట్రుక నానడానికి సమయం కావాలి. స్నానం అయిన వెంటనే అయితే అన్నింటికన్నా మేలు. ముఖానికి కొబ్బరి నూనె రాసి ఉంటే సబ్బుతో కడిగేయాలి. నూనె జిడ్డు నురగను చంపేస్తుంది.

3. బ్రష్‌ను తడిపి, నీళ్ళు ధారగా కారనంత వరకు విదిలించాలి. పిండి ఆరబెట్టాల్సిన పని లేదు. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. నీళ్ళు కారుతున్న బ్రష్‌తో మొదలుపెడితే వచ్చేవి బుడగలే.

4. సబ్బు మీద నిలిచిన నీళ్ళు ఒంపేసి, బ్రష్ కొసలతో గుండ్రంగా తిప్పాలి. మెత్తటి సబ్బుకు 20 సెకన్లు, గట్టి సబ్బుకు 40 సెకన్ల నుంచి నిమిషం దాకా. కొసలు చిక్కటి ముద్దతో నిండాలి. ఈ దశలో నురగ కనిపించకపోయినా కంగారు పడొద్దు. ముద్దగా, జిగటగా ఉందంటే సబ్బు సరిపడా ఎక్కినట్టే. ఇక్కడ తొందరపడి తక్కువ సబ్బు ఎక్కిస్తే తర్వాత ఎంత తిప్పినా లాభం ఉండదు.

5. ఇప్పుడు గిన్నెలోగానీ, నేరుగా ముఖం మీదగానీ తిప్పడం మొదలుపెట్టాలి. పావు చెంచా నుంచి అర చెంచా నీళ్ళు వేసి, 15 సెకన్లు తిప్పి, మళ్ళీ వేయాలి. ఇలా మూడు నాలుగుసార్లు. ఒకేసారి నీళ్ళు పోస్తే వెనక్కి తీయడం కుదరదు. కొంచెం కొంచెంగా వేస్తే ఎక్కడ ఆగాలో కనిపిస్తుంది.

6. ఆగాల్సిన చోటు తెలియడానికి మూడు గుర్తులు. పైన మెరుపు రావాలి. బ్రష్ ఎత్తితే నురగ కొస నిటారుగా కాకుండా కొద్దిగా వంగాలి. రెండు వేళ్ళ మధ్య రుద్దితే జర్రున జారాలి. మెరుపు లేకుండా, సున్నంలా తెల్లగా గట్టిగా ఉంటే ఇంకో అర చెంచా నీరు కావాలి.

7. ముఖం మీద ముందు గుండ్రంగా తిప్పుతూ వెంట్రుకలు లేచేలా పూయాలి, తర్వాత గోడకు రంగు వేసినట్టు సాపు చేయాలి. బ్రష్‌ను చర్మానికి అదిమితే వెంట్రుకలు విరుగుతాయి, చర్మమూ ఒరుసుకుంటుంది.

8. బ్లేడు ముందు వెంట్రుక పెరిగే దిశలోనే నడపాలి. ఇంకా నున్నగా కావాలంటే మళ్ళీ నురగ పూసి అడ్డంగా ఒకసారి. నురగ లేని చోట బ్లేడు పెట్టకూడదు. బ్రష్‌లో రెండోసారికి సరిపడా నురగ ఎలాగూ మిగులుతుంది.

ఈ పనంతా అలవాటైతే రెండు మూడు నిమిషాలకు మించదు. కొత్త సబ్బు కొన్నప్పుడు షేవింగ్ లేని రోజున గిన్నెలో ఒకటి రెండుసార్లు చేసి చూస్తే దానికి ఎంత నీరు పడుతుందో చేతికి తెలుస్తుంది.

నురగ సరిగా రాకపోతే

పెద్ద బుడగలు వచ్చి కారిపోతుంటే: నీరు ఎక్కువ, సబ్బు తక్కువ. బ్రష్ విదిలించి మళ్ళీ సబ్బు మీద 15 సెకన్లు తిప్పాలి.

ముఖం మీద పిడచ కట్టి ఆరిపోతుంటే: నీరు తక్కువ. బ్రష్ కొసలు నీళ్ళలో ముంచి అక్కడే మళ్ళీ తిప్పాలి. ఎండాకాలంలో ఫ్యాను కింద ఈ తిప్పలు ఎక్కువ. ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాను ఆపి, ఒక చెంప పూర్తయ్యాకే రెండో చెంపకు నురగ పూయడం మంచిది.

మొదట బాగుండి మధ్యలో కుంగిపోతుంటే: సబ్బు తక్కువ ఎక్కి ఉండాలి, లేదా ముఖానికి నూనె ఉండాలి.

నురగ బాగానే ఉన్నా మంట పుడుతుంటే: బ్లేడు పాతబడిందేమో, రేజర్‌ను గట్టిగా నొక్కుతున్నారేమో చూడాలి. అవి కూడా కాకపోతే సబ్బులోని వాసన పదార్థం పడకపోయి ఉండొచ్చు.

వాసన విషయంలో జాగ్రత్తలు

సబ్బులో వాసన కోసం కలిపేది కొద్ది శాతమే. అయినా కొందరి చర్మానికి ఆ కొద్దీ పడదు. యూరప్ దేశాల్లో 2005 నుంచి అలర్జీ తెచ్చే అవకాశమున్న 26 వాసన పదార్థాల పేర్లను లేబుల్ మీద విడిగా రాయాలన్న నియమం ఉంది. సబ్బులా కడిగేసే వస్తువుల్లో 0.01 శాతం దాటితే పేరు రాయాల్సిందే. 2023లో ఈ జాబితాను ఇంకా పెంచారు. లిమొనీన్, లినలూల్, జెరానియోల్, సిట్రాల్, కూమరిన్ లాంటి పేర్లు కనిపించేది అందుకే. నిమ్మ, లావెండర్, గులాబీ వాసనల్లో సహజంగానే ఉండే పదార్థాలు వీటిలో ఉన్నాయి. సహజమైనది కాబట్టి అలర్జీ రాదన్న భరోసా ఏమీ లేదు. లిలియాల్ అనే వాసన పదార్థాన్ని యూరప్ 2022 మార్చిలో పూర్తిగా నిషేధించింది. పాత స్టాకులో బ్యూటైల్‌ఫినైల్ మిథైల్‌ప్రొపియోనాల్ అన్న పొడవాటి పేరుతో ఉండేది ఇదే.

కొత్త సబ్బు కొన్నప్పుడు మోచేతి లోపలివైపు కొంచెం నురగ రాసి, రెండు నిమిషాలాగి కడిగి, ఒక రోజు చూడాలి. దురద, ఎరుపు కనిపిస్తే ఆ సబ్బు ముఖానికి వద్దు.

అత్తర్ ఇష్టపడే ఇళ్ళలో వాసన లేని సబ్బు కొని రెండు చుక్కల అత్తర్ కలిపితే సరిపోతుంది కదా అన్న ఆలోచన వస్తుంది. అలా చేస్తే రెండు నష్టాలు. అత్తర్‌లోని నూనె నురగను కుంగదీస్తుంది. అప్పుడే గీసిన చర్మానికి చిక్కటి అత్తర్ తగిలితే మంట పుడుతుంది. జుమ్మాకో, ఈద్‌కో అత్తర్ రాసుకోవాలంటే బట్టలకు రాసుకోవడం నయం.

ఉమ్రా, హజ్‌కు వెళ్ళేవారు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఇహ్రామ్‌లో ఉన్నంతసేపు సువాసనలు వాడకూడదు. తల గొరిగించుకునే సమయానికి ఇంకా ఇహ్రామ్‌లోనే ఉంటారు కాబట్టి ఆ పనికి వాసన లేని సబ్బే తీసుకెళ్ళాలి. సామాను సర్దేటప్పుడే దీన్ని విడిగా పెట్టుకుంటే అక్కడ వెతుక్కునే పని ఉండదు.

గడ్డం ఉంచుకునేవారికి

గడ్డం ఉంచుకుని బుగ్గల మీద, మెడ కింద మాత్రమే గీసుకునేవారికి మందపాటి నురగ అడ్డమవుతుంది. గీత కనిపించదు, బ్లేడు ఒక వెంట్రుక వాసి లోపలికి పోతే గడ్డం ఆకారమే మారుతుంది. వీరు నురగను గిన్నెలో చేసుకుని, కొంచెం ఎక్కువ నీరు కలిపి పల్చగా, జారుడుగా ఉంచుకోవాలి. గీత దగ్గర బ్రష్ వాడకుండా వేలితో రాసుకుంటే ఎక్కడ ఆగాలో తెలుస్తుంది. ఉంచుకునే గడ్డంలోకి సబ్బు దిగితే బాగా కడిగేయాలి. మిగిలిపోతే కింద చర్మం పొడిబారి పొట్టు రాలుతుంది.

సెలూన్‌లో

సెలూన్లలో బ్లేడు మార్చడం ఇప్పుడు చాలాచోట్ల అలవాటైంది. బ్రష్, గిన్నె మాత్రం అందరికీ ఒకటే ఉంటున్నాయి. హెపటైటిస్ బి వైరస్ శరీరం బయట కనీసం 7 రోజులు బతికి ఉండగలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కంటికి కనిపించని చిన్న గాటు కూడా దానికి దారి ఇస్తుంది. కొత్త బ్లేడు కళ్ళముందే విప్పమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. వీలైతే సొంత బ్రష్ తీసుకెళ్ళాలి, లేదంటే ఒకసారి వాడే క్రీము చేత్తో రాయమనాలి. గాట్ల మీద రుద్దే పటిక బిళ్ళ కూడా అందరికీ వాడింది కాకుండా సొంతది ఉంటే మంచిది. పది రూపాయల ముక్క నెలల తరబడి వస్తుంది.

ఖర్చు, నిల్వ

ధరను డబ్బాతో కాకుండా ఒక్కో షేవింగ్‌కు లెక్క వేసుకోవాలి. ఒకసారికి పట్టే సబ్బు సుమారు ఒక గ్రాము. 100 గ్రాముల సబ్బు 300 రూపాయలు అనుకుంటే ఒక్కో షేవింగ్‌కు 3 రూపాయలు పడుతుంది. వారానికి మూడుసార్లు గీసుకునేవారికి అది ఏడెనిమిది నెలలు వస్తుంది. అదే సబ్బును తడిగా వదిలేస్తే కరిగి సగానికే అయిపోతుంది.

వాడాక సబ్బు మీద నీళ్ళు ఒంపేసి, ఆరే దాకా మూత పెట్టకూడదు. ఆరిన తర్వాత మూత పెడితే వాసన కూడా ఎక్కువ రోజులు ఉంటుంది. బ్రష్‌ను సబ్బు పోయే దాకా కడిగి, విదిలించి, గాలి తగిలే చోట ఆరబెట్టాలి. వానాకాలంలో తడి బ్రష్‌ను డబ్బాలో మూసి పెడితే బూజు పడుతుంది. కఠిన నీళ్ళ వల్ల వెంట్రుకలు బిరుసెక్కితే, గ్లాసు నీళ్ళలో చెంచా వెనిగర్ కలిపి ఐదు నిమిషాలు ముంచి బాగా కడిగితే మళ్ళీ మెత్తబడతాయి.

ఎవరు ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి?

షుగర్ ఉన్నవారికి గాటు త్వరగా మానదు. రక్తం పల్చబడే మందులు వాడేవారికి చిన్న గాటు నుంచి కూడా రక్తం త్వరగా ఆగదు. వీరు ముందుగా డాక్టర్‌ను అడగాలి. బ్లేడుకు బదులు ట్రిమ్మర్ వాడటం వీరికి సురక్షితం. ముఖం మీద చీము పట్టిన మొటిమలు ఉంటే అవి తగ్గే దాకా ఆ చోట బ్లేడు పెట్టకూడదు, ఆ సమయంలో వాసన సబ్బు కూడా వద్దు.

ఇంట్లో పిల్లాడు మొదటిసారి గీసుకోబోతుంటే వాసన లేని లేదా తక్కువ వాసన ఉన్న సబ్బు, సింథటిక్ బ్రష్, కొత్త బ్లేడు ఇచ్చి, ముందు గిన్నెలో నురగ చేయడం నేర్పితే చాలు. సబ్బు మార్చినా మెడ మీద పొక్కులు రెండు వారాలు దాటి తగ్గకపోతే, వాటిలో చీము కనిపిస్తే, ఇంకో సబ్బు కొనే ముందు చర్మ వైద్యుడికి చూపించాలి.